‘లూప్‌లైన్’ అంటున్నారు, వెళ్లమంటారా?

ప్రశ్న: గ్రూప్-1లో డీఎస్పీగా ఎంపికై శిక్షణ పూర్తి చేసుకుంటున్నాను. వయసు 28. చదివింది సివిల్ ఇంజినీరింగ్. ఎప్పటికైనా ఒక నగరానికి పోలీస్ కమిషనర్‌గా పనిచేయాలని కోరిక. ఎస్‌డీఆర్‌ఎఫ్ (రాష్ట్ర విపత్తు స్పందన దళం), హైడ్రా లాంటి విపత్తు విభాగాల్లో కొన్నాళ్లు పనిచేస్తే ఆ దారిలో పనికొస్తుందా? ‘అదంతా లూప్‌లైన్, పక్కన పడేసే పోస్టు, చేతిలో స్టేషన్ లేని పోలీసును ఎవరూ లెక్కచేయరు’ అని బ్యాచ్‌వాళ్లు భయపెడుతున్నారు. విపత్తు నిర్వహణలో ఇగ్నో డిప్లొమా చేయడం దండగా? – ఒక ప్రొబేషనరీ డీఎస్పీ, తెలంగాణ

సమాధానం: ముందు సర్వీసు లెక్క చూసుకోండి, తర్వాత లూప్‌లైన్ సంగతి మాట్లాడుకుందాం. హైదరాబాద్ కమిషనర్ కుర్చీ మామూలుగా అదనపు డీజీ స్థాయిది. ఐపీఎస్‌లో ఆ హోదాకు 25 ఏళ్ల సర్వీసు నిండాలి. డీఐజీకి 14, ఐజీకి 18. మీకు ఐపీఎస్ కన్ఫర్ కావాలంటే, అంటే రాష్ట్ర సర్వీసు నుంచి ప్రమోషన్ మీద ఐపీఎస్ రావాలంటే, నిబంధన ప్రకారం డీఎస్పీగా కనీసం 8 ఏళ్లు చేయాలి. ఆచరణలో ఖాళీలు, సీనియారిటీ పంచాయితీలు, కోర్టు స్టేలు కలిసి అంతకు చాలా ఎక్కువే పడుతుంది. పైగా ఐపీఎస్ బ్యాచ్ సంవత్సరం కేటాయించేటప్పుడు డీఎస్పీగా చేసిన కాలమంతా కలపరు, అందులో కొంత భాగమే కలుస్తుంది. రాష్ట్ర సర్వీసులో 61 దాకా ఉండే ఉద్యోగం ఐపీఎస్ రాగానే 60కే ముగుస్తుంది. కాబట్టి హైదరాబాద్‌ను పక్కన పెట్టండి. వరంగల్, కరీంనగర్, రామగుండం, నిజామాబాద్, ఖమ్మం, సిద్దిపేట కూడా కమిషనరేట్లే. అక్కడి కుర్చీలో ఎస్పీ, డీఐజీ స్థాయి అధికారులు కూర్చుంటారు, కన్ఫర్డ్ ఐపీఎస్‌లూ కూర్చున్నారు. మీ కోరిక నెరవేరేది అక్కడే. నెరవేరుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. కమిషనర్ పోస్టింగు సర్కారు జీవోతో వచ్చేది, మార్కులతో వచ్చేది కాదు. విపత్తు అనుభవం ఉండాలన్న షరతు ఏ నిబంధనలోనూ లేదు.

అయినా వెళ్లండి. ఇప్పుడే కాదు, మొదట సబ్ డివిజన్‌లో మూడేళ్లు లా అండ్ ఆర్డర్ చేశాక. ఈ వరస ఎందుకంటే, విపత్తు విభాగంలో మీ చేతికింద మనుషులు, పడవలు, తాళ్లు, కట్టర్లు ఉంటాయి గానీ జనం ఉండరు. ఫలానా బస్తీలో ఎవరు చెబితే ఇల్లు ఖాళీ చేస్తారో, ఏ పెద్దమనిషిని ముందు పలకరించాలో స్టేషన్‌లో కూర్చున్నవాడికే తెలుస్తుంది. ఆ పరిచయం లేకుండా రెస్క్యూ యూనిఫాం వేసుకుంటే పరికరాల స్టోర్‌కు ఇన్‌ఛార్జి అవుతారు. ఇక హైడ్రాకు రెండు ముఖాలు ఉన్నాయి. 2024 జూలైలో పెట్టిన ఆ సంస్థ పేరులోనే విపత్తు స్పందన ఒకటి, ఆస్తుల రక్షణ ఒకటి. అడిగేటప్పుడు స్పందన వైపే అడగండి. చెరువుల ఆక్రమణల వైపు పడితే రెండేళ్లలో నేర్చుకునేది ఎక్కువగా హైకోర్టు వాయిదాల గురించే. అదీ విద్యే కానీ మీరడిగింది వేరు.

నెట్‌లో వెతికితే మీకు దొరికేవి ఎక్కువగా అమెరికా సలహాలు. అక్కడి చిన్న ఊళ్లలో చాలాచోట్ల పోలీస్ చీఫే అత్యవసర నిర్వహణ బాధ్యత కూడా చూస్తాడు, అందుకే ఆ రెండు అనుభవాలూ ఒకే బయోడేటాలో కనిపిస్తాయి. ఇక్కడ చట్టం వేరుగా ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద జిల్లా సంస్థకు అధ్యక్షుడు కలెక్టరు, ఎస్పీ హోదా రీత్యా సభ్యుడు మాత్రమే. 2025 సవరణతో రాజధానులకు, కార్పొరేషన్ ఉన్న పెద్ద నగరాలకు పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు పెట్టే వీలు వచ్చింది. వాటికి మున్సిపల్ కమిషనర్ అధ్యక్షుడు, కలెక్టర్ ఉపాధ్యక్షుడు. అంటే వరద వచ్చినరోజు నగర పోలీస్ కమిషనర్ బల్ల చివర కూర్చునే మనిషి, కానీ వైర్‌లెస్ సెట్‌లో ఒక్క మాట చెబితే వెయ్యిమంది కదిలేది ఆయన ఒక్కడికే. ఈ తేడా అర్థం కాని అధికారులు రెండు రకాలుగా దెబ్బతింటారు. ఒకరు కలెక్టర్ ఉత్తర్వు కోసం ఎదురుచూస్తూ మొదటి గంట పోగొడతారు. ఇంకొకరు అన్నీ తామే చేయబోయి, ఇరిగేషన్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్‌ను అడగకుండానే గేట్ల గురించి మీడియాకు చెప్పేస్తారు.

ఎవరి పని ఏదో తేల్చేందుకు జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ (ఎన్‌డీఎంఏ) 2010లోనే ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ మార్గదర్శకాలు ఇచ్చింది. కాలిఫోర్నియా అడవి మంటల్లో ఏజెన్సీలు ఒకరి మాట ఒకరు వినక నష్టపోయాక పుట్టిన పద్ధతికి మన రూపం అది. పుస్తకం లావుగా ఉంటుంది. అందులో కమాండర్, ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్ ఎవరెవరో, స్టేజింగ్ ఏరియా (వచ్చిన బలగం, వాహనాలు ముందుగా ఆగే చోటు) అంటే ఏమిటో తెలిస్తే చాలావరకు వచ్చినట్టే. ఫారాల్లో మూడు బట్టీ పట్టండి: 001 అంటే ఘటన వివరణ, 006 అంటే వచ్చిన బలగం, వాహనాల హాజరు, 010 అంటే బలగాన్ని వెనక్కి పంపే ప్రణాళిక. మూడోదాన్ని మనవాళ్లు ఎవరూ నింపరు. అందుకే పక్క జిల్లా నుంచి రప్పించిన ప్లటూన్ మూడోరోజు కూడా అదే చౌరస్తాలో, అదే తడి బూట్లతో నిలబడి ఉంటుంది. వెయ్యి మంది ఉన్నారని లెక్క రాసుకుంటాం. మూడు షిఫ్టులు చేస్తే రోడ్డు మీద ఒక్క వేళకు ఉండేది మూడో వంతు కూడా కాదు. రిలీవర్ల జాబితా, మహిళా కానిస్టేబుళ్లకు మరుగుదొడ్డి ఎక్కడ, రాత్రి రెండింటికి అన్నం ఎవరు తెస్తారు, ఈ మూడూ రాసుకోని బందోబస్తు స్కీము రెండోరోజు కూలిపోతుంది.

జనసమ్మర్దం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నగర కమిషనర్ల కుర్చీని కదిలించేవాటిలో ఇదొకటి. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మంది చనిపోయారు. నగర కమిషనర్‌ను మరుసటి రోజే సస్పెండ్ చేశారు, కొన్ని వారాల తర్వాత ఎత్తేశారు. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో 27 మంది, 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు పోయారు. వీటన్నిటికీ మనం తొక్కిసలాట అనే పేరు పెడతాం. ఆ మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. చాలామంది కాళ్లకింద పడి చనిపోరు, నిలబడే చనిపోతారు. చదరపు మీటరుకు నలుగురు దాటితే నడక మందగిస్తుంది. ఆరుగురు దాటితే మనిషి తన కాళ్ల మీద తాను ఉండడు, జనం నీళ్లలా అలలుగా ఊగుతుంది. ఛాతీ విప్పారే జాగా లేక ఊపిరి ఆగుతుంది. తోసేది వెనకవాళ్లు, వాళ్లకు ముందు ఏం జరుగుతోందో కనపడదు. కాబట్టి ముందు నిలబడి లాఠీ ఊపితే పరిస్థితి ఇంకా ముదురుతుంది. వెనక నుంచి వదులు చేయాలి, అంటే చివరి వరసల్ని మైకులో పిలిచి పక్క రోడ్డుకు తిప్పాలి.

ఇందులో మీ ఇంజినీరింగ్ నేరుగా పనికొస్తుంది. చదునైన నేల మీద మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది, మెట్ల మీద 66 మంది బయటికి పోగలరని స్టేడియాల భద్రతకు బ్రిటన్‌వాళ్లు వాడే కొలత. టికెట్ చూసి లోపలికి పంపే ఒక్కో దారిలో గంటకు 660 మందికి మించి వేసుకోకూడదు. ఇప్పుడు ఒక సభ తీసుకోండి. నిర్వాహకుడు 30 వేల మంది వస్తారు, ఎనిమిది దారులు పెట్టానంటాడు. ఎనిమిది దారులకు గంటకు 5,280 మంది. 30 వేల మంది లోపలికి పోవడానికి దాదాపు ఐదు గంటల నలభై నిమిషాలు పడుతుంది. ఆరింటికి సభ అయితే మధ్యాహ్నం పన్నెండుంపావుకల్లా గేట్లు తెరవాలి, జనమేమో నాలుగింటికి వస్తారు. మిగిలిన గుంపు గేటు బయట రోడ్డు మీద పేరుకుంటుంది. ప్రమాదం అక్కడే జరుగుతుంది, సభలో కాదు. అక్కడ డోర్‌ఫ్రేమ్ మెటల్ డిటెక్టర్ పెట్టి సంచులు కూడా వెతికితే ఈ లెక్క ఇంకా పడిపోతుంది. ఈ నాలుగు గుణకారాలు అర్జీ మీదే చేసి, ‘దారులు 20కి పెంచితే, గేట్లు మూడింటికి తెరిస్తే అనుమతి, లేదా జనం 15 వేలు దాటకూడదు’ అని రాతపూర్వకంగా ఇవ్వండి. 20 దారులైనా 30 వేలకు రెండుంపావు గంటలు పడుతుందని పక్కన రాయడం మర్చిపోకండి. నోటిమాటగా వద్దన్న అనుమతికి విచారణ కమిషన్ ముందు విలువ లేదు. పైనుంచి ఒత్తిడి వచ్చి ఇవ్వాల్సివస్తే, ఏ షరతుతో ఇచ్చారో ఫైల్లో ఉండాలి.

తిరుపతి ఘటనలో జనాన్ని ఒక పార్కులో కూర్చోబెట్టి, గేటు తెరవగానే అందరూ ఒక్కసారి కదిలారు. నిలిపి ఉంచిన గుంపును ఒకే గేటు నుంచి వదలకూడదన్నది అక్కడి పాఠం. చిన్న పెట్టెలుగా విడగొట్టి, ముందు పెట్టె ఖాళీ అయ్యాకే వెనకది తెరవాలి. గేటు బయటికి తెరుచుకోవాలి, అడ్డంగా గొలుసు ఉండకూడదు, తాళంచెవి గేటు దగ్గర మనిషి జేబులోనే ఉండాలి. ఎస్ఐ సార్ దగ్గరుంది, ఆయన వీఐపీ దగ్గరున్నాడు అన్న జవాబు వినపడితే ఆ గేటు లేనట్టే.

వరదలో పోలీసుకు దెబ్బతగిలేది ఇంకో చోట. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు పొంగింది. అదే వరదలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2025 సెప్టెంబరు చివర్లో మూసీ నీళ్లు ఎంజీబీఎస్ బస్టాండులోకి చేరాయి. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తుతున్నామన్న మెసేజ్ కంట్రోల్ రూంకు వస్తుంది. ‘గేట్లు ఎత్తారు, అప్రమత్తం’ అని దాన్ని అలాగే స్టేషన్లకు పంపితే కానిస్టేబుల్‌కు అర్థమయ్యేది ఏమీ లేదు. విపత్తు విభాగంలో ఉన్నప్పుడు మీరు చేయాల్సిన పని ఒకటి: ఇన్ని గేట్లు, ఇన్ని అడుగులు ఎత్తితే చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ దగ్గర ఏ గల్లీలోకి ఎన్ని గంటల్లో నీళ్లొచ్చాయో పాత రికార్డుల నుంచి, బస్తీవాళ్ల నోటి నుంచి రాబట్టి పట్టిక వేయడం. అప్పుడు సెట్‌లో చెప్పే మాట ‘ఫలానా గల్లీ చివరి వరస ఇళ్లు, తొమ్మిదింటిలోపు’ అని ఉంటుంది.

నీళ్లలోకి రోప్ పార్టీని దింపేముందు విద్యుత్ శాఖ ఏడీఈ (అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీర్) నుంచి లైన్ క్లియర్, అంటే ఆ లైనులో కరెంటు ఆపామన్న హామీ, తీసుకోవాలి. కరెంటు పోయింది కదా అని దిగితే, ఎవరో ఇంట్లో జనరేటర్ వేసుకుంటారు, లేదా ఫీడర్‌ను మధ్యలో మళ్లీ ఛార్జ్ చేస్తారు. లైన్ క్లియర్ ఎవరిచ్చారు, ఎన్నింటికి, ఏ ఫీడర్‌కు, ఈ మూడూ స్టేషన్ జనరల్ డైరీలో ఎక్కాలి. నీళ్లొచ్చే స్టేషన్లలో వైర్‌లెస్ సెట్, బ్యాటరీలు, ఆయుధాల గది, ముద్దెమాలు (కేసుల్లో స్వాధీనం చేసుకున్న వస్తువుల) గది ఏ అంతస్తులో ఉన్నాయో కూడా చూడండి. తడిసిన కేసు డైరీ ఫైళ్లు, కలిసిపోయిన సీల్డ్ కవర్లు ఏళ్ల తర్వాత కోర్టులో బయటపడతాయి.

రసాయనాల సంగతి తక్కువమంది పోలీసులకు తెలుసు, కాబట్టి ఇక్కడ మీరు త్వరగా అక్కరకొచ్చే మనిషి అవుతారు. హైవే మీద ట్యాంకర్ పల్టీకొడితే ముందు చేరేది పెట్రోలింగ్ కారే. ట్యాంకర్ వెనక, పక్కల ఉండే పలకపై నాలుగంకెల ఐక్యరాజ్యసమితి సంఖ్య ఉంటుంది. 1075 అయితే ఎల్పీజీ, 1017 క్లోరిన్, 1005 అమ్మోనియా, 2055 స్టైరీన్. మీ డివిజన్‌లో ప్రతి ఎస్ఐ ఫోన్‌లోనూ ఈ జాబితా ఉండాలి. దూరం నుంచి బైనాక్యులర్‌తోనో ఫోన్ కెమెరా జూమ్‌తోనో సంఖ్య చదివి, గాలి ఎటు వీస్తోందో చూసి, గాలి మన వీపుకు తగిలే వైపు నుంచే వెళ్లాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి వెలువడింది స్టైరీనే, 12 మంది చనిపోయారు. దాని ఆవిరి గాలికన్నా మూడు రెట్లకు పైగా బరువు. పల్లంలో, కాలువల్లో, ఇళ్ల కింది గదుల్లో నిలుస్తుంది. జనాన్ని మెరక వైపు, గాలికి అడ్డంగా పంపాలి. మూతికి కట్టుకున్న గుడ్డ, సర్జికల్ మాస్కు ఆవిరిని ఆపవు. సిలిండర్ ఉన్న శ్వాస పరికరం పేరుకు 45 నిమిషాలు వస్తుంది, బరువు మోస్తూ పరిగెత్తే మనిషికి అరగంటే. లోపలికెళ్లిన వేళ, బయటికి రావాల్సిన వేళ పలక మీద రాసే మనిషి ఒకరు బయట తప్పకుండా ఉండాలి.

ఎక్కడ ఏం జరిగినా మొదటి గంటలో పోలీసుకు ఒక్కటే అసలు పని, దారి. అంబులెన్సు లోపలికి ఒక దారి, బయటికి ఇంకో దారి. ఇది చెడేది చాలాసార్లు మన బండ్ల వల్లే. పెద్దాఫీసర్లు ఒక్కొక్కరూ వచ్చి రోడ్డు మీద దిగుతారు, డ్రైవర్లు తాళాలు తీసుకుని చూడ్డానికి పోతారు. అందుకని పార్కింగ్ కోసమే ఒక సీఐని పెట్టి, ఏ హోదావాడి బండినైనా కదిలించే అధికారం ఇవ్వండి. ఈ ఒక్క పని చేసినవాళ్లను ఫైర్‌వాళ్లు ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటారు.

చనిపోయినవారి విషయంలో శవానికి, వస్తువుల సంచికి, ఫొటోకు ఒకటే నంబరు వేయండి. కదిలించకముందే ఫొటో తీయాలి. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 194 కింద పంచనామా తర్వాత రాయొచ్చు గానీ నంబరు తర్వాత వేయలేరు. ఆస్పత్రి జాబితా, మార్చురీ జాబితా, తప్పిపోయినవారి జాబితా మూడింటినీ రెండు గంటలకోసారి ఒక మనిషి పక్కపక్కన పెట్టి సరిచూడాలి. లేకపోతే ఒకే పేరు మూడు చోట్ల మూడు రకాలుగా రాసి, మృతుల సంఖ్య పెరిగిపోతుంది. ఆ సంఖ్య చెప్పే నోరు ఒకటే ఉండాలి. అది మీది కాకపోతే ఇంకా మంచిది.

చట్టంలో ఒక గుంట ఉంది, కొత్త అధికారులు అందులో పడతారు. ఖాళీ చేయమన్నా వినని ఫ్యాక్టరీ మీదో, నిషేధాజ్ఞ ఉల్లంఘించిన నిర్వాహకుడి మీదో విపత్తు చట్టం సెక్షన్ 51, బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 223 పెట్టి ఎఫ్‌ఐఆర్ కట్టి ఛార్జిషీటు వేస్తారు. సెక్షన్ 60 ప్రకారం విపత్తు చట్టం నేరాలను కోర్టు స్వీకరించాలంటే సంబంధిత సంస్థ లేదా అది అధికారమిచ్చిన అధికారి ఫిర్యాదు కావాలి. ప్రైవేటు వ్యక్తి అయితే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. 223కు బీఎన్‌ఎస్‌ఎస్ 215 కింద, ఉత్తర్వు ఇచ్చిన అధికారి లేదా ఆయన పైఅధికారి రాతపూర్వక ఫిర్యాదు కావాలి. కరోనా కాలపు పాత ఐపీసీ 188 కేసులు చాలా ఈ కారణంతోనే కొట్టేశారు. అందుకే కలెక్టరేట్‌లో ఫిర్యాదు మీద సంతకం పెట్టే అధికారి ఎవరో వానాకాలానికి ముందే ఖాయం చేసుకోండి.

ఇన్ని పనులు రెండేళ్లలో నేర్చుకుని వెనక్కి వచ్చేయండి. అంతకు మించి ఉంటే మీ బ్యాచ్‌వాళ్ల మాట నిజమవుతుంది: పరికరాలు తెలిసిన అధికారిగా ముద్రపడి, ప్రతి బదిలీలోనూ అక్కడికే పంపుతారు. తర్వాత ట్రాఫిక్ అడగండి. దాన్ని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు గానీ, నగరం మొత్తం మీద రోజూ పెత్తనం చేసి, మున్సిపల్, ఆర్అండ్‌బీ, మెట్రోవాళ్లతో రోజూ పేచీ పడే పోలీసు పోస్టు అదొక్కటే. ఆ పరిచయాలే వరద రాత్రి ఫోన్ ఎత్తుతాయి. కంట్రోల్ రూంలో ఒక విడత చేస్తే ఇంకా మంచిది. అదనపు ఎస్పీ అయ్యాక మళ్లీ విపత్తు వైపు రావచ్చు, అప్పుడు హోదాతో వస్తారు.

వార్షిక నివేదికలో స్వీయ అంచనా రాసేటప్పుడు ‘వరద సహాయంలో చురుగ్గా పాల్గొన్నాను’ అని రాయకండి, అందరూ అదే రాస్తారు. ఎన్ని గల్లీలకు పట్టిక వేశారు, ఎన్ని స్టేషన్లలో ముద్దెమాలు పైఅంతస్తుకు చేరింది, ఏ సభకు ఏ షరతు పెట్టారు, ఇవి రాయండి. ప్రతి ఘటన తర్వాత వారంలోపు రెండు పేజీల నివేదిక పైకి పంపండి: ఏం అనుకున్నాం, ఏం జరిగింది, ఏం మార్చాలి. అడగకుండా పంపినా పర్వాలేదు. నకలు మీ దగ్గర ఉంచుకోండి.

శిక్షణ విషయానికొస్తే, విజయవాడ దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ శిక్షణ సంస్థ (ఎన్‌ఐడీఎం) దక్షిణ ప్రాంగణం, ఎన్‌డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ రెండూ ఉన్నాయి. అక్కడి చిన్న కోర్సులకు డీజీపీ కార్యాలయం ద్వారా పేరు పంపించుకోండి. తరగతి గదికన్నా బెటాలియన్‌వాళ్లతో పడవలో గడిపే పూట ఎక్కువ నేర్పుతుంది. ఇగ్నో డిప్లొమా దండగేం కాదు. ప్రమోషన్‌కు మార్కులు రావు గానీ, కలెక్టరేట్‌లో మాట్లాడే భాష వస్తుంది. చేరేముందు శాఖ అనుమతి కాగితం మీద తీసుకోండి. పరీక్షలు జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి ఉంటాయి. జూన్ వద్దు, తొలివానకే మిమ్మల్ని హాలులోంచి పిలిపిస్తారు. డిసెంబరుకు పెట్టుకోండి, 31 రాత్రి బందోబస్తుకు ముందే పేపర్లు అయిపోయేలా చూసుకోండి.